రెండూ గవర్నమెంటువే కదా!

2023 ఆగస్టులో, మా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీయస్సీ పూర్తిచేసిన ఒక అమ్మాయి రెండు ర్యాంకు కార్డులు పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ ర్యాంకుతో హైదరాబాద్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చేలా ఉంది. రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ర్యాంకుతో ఇంటి నుంచి బస్సులో ముప్పావు గంట దూరంలో ఉన్న రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అదే కోర్సు ఖాయం. "రెండూ గవర్నమెంటువే కదా మేడం, సిలబస్ కూడా ఇంచుమించు ఒకటే అంటున్నారు. నాన్న దగ్గర్లో ఉన్నదాంట్లోనే చేరమంటున్నాడు. ఏమైనా నష్టముంటుందా?" అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రెండు రకాల విశ్వవిద్యాలయాల్లోనూ నేను చదివాను. ఎమ్మెస్సీ, పరిశోధనలో మొదటి ఏడాది ఒక జిల్లా విశ్వవిద్యాలయంలో గడిచాయి. జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధక భృతి జేఆర్‌ఎఫ్ వచ్చాక మిగిలిన పీహెచ్‌డీ అంతా ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సాగింది. నష్టమేమీ లేదంటే అబద్ధమవుతుంది. ఉందంటే, ఇంకో దారి లేని పిల్లను ముందే కుంగదీసినట్టవుతుంది. హాస్టల్ గురించీ భద్రత గురించీ వాళ్ల నాన్నతో మాట్లాడి చూశాను గానీ ఆయన మనసు మారలేదు. ఆమె దగ్గరి విశ్వవిద్యాలయంలోనే చేరింది. ఇప్పుడు చివరి సెమిస్టరు ప్రాజెక్టు చేస్తోంది. మొన్నొక రాత్రి ఫోన్ చేసి ఒక మాట అడిగింది. అది విన్నాక, అప్పుడు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడైనా పూర్తిగా రాయాలనిపించింది.

మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మధ్య కనిపించే తేడాను మనం ప్రమాణాల తేడా అంటున్నాం. అది చాలావరకు వనరుల తేడా. ఆ వనరులను ఎక్కడ ఎక్కువ ఇవ్వాలి, ఎక్కడ తక్కువ ఇవ్వాలి అన్నది కూడా విద్యార్థుల అవసరాన్ని చూసి ఎవరూ తేల్చినది కాదు. ఒక విశ్వవిద్యాలయం ఎవరి పద్దులో పుట్టిందన్న దాన్నిబట్టి అది తేలిపోయింది.

నియమం ఒకరిది, ఖర్చు ఇంకొకరిది

ఉన్నత విద్యా ప్రమాణాలను నిర్ణయించే అధికారం రాజ్యాంగంలోని కేంద్ర జాబితా 66వ అంశం ప్రకారం కేంద్రానిది. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది. అధ్యాపకుడి అర్హత, జీతం స్కేలు, పీహెచ్‌డీ నిబంధనలు, ఎవరు ఎందరు పరిశోధక విద్యార్థులను తీసుకోవచ్చునన్న లెక్క, ఇవన్నీ ఢిల్లీలోని విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, రాస్తుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయానికైతే ఆ రాసిన చేయే డబ్బూ ఇస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి మాత్రం నియమం ఢిల్లీ నుంచి వస్తుంది, జీతం రాష్ట్ర ఖజానా నుంచి రావాలి. 2006 వేతన సవరణ వల్ల రాష్ట్రాలపై పడిన అదనపు భారంలో 80 శాతాన్ని కొన్నేళ్లపాటు కేంద్రం భరించింది. 2016 సవరణకు వచ్చేసరికి ఆ వాటా 50 శాతానికి తగ్గింది, అదీ 2019 మార్చి వరకే.

రాష్ట్రం ఏటా ఒకే మొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంటు సంగతి విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవారందరికీ తెలుసు. అది ఎక్కువగా జీతాలకూ పింఛన్లకూ పోతుంది. ఉస్మానియా 1918 నాటిది, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 నాటిది. ఇలాంటి పాత సంస్థల్లో పింఛనుదారుల సంఖ్య ఏటా పెరుగుతూ, గ్రాంటులో ప్రయోగశాలకు మిగిలేది ఏటా తగ్గుతూ వస్తుంది. లోటు పూడ్చుకోవడానికి అనుబంధ కళాశాలల ఫీజులు, పరీక్ష ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులే గతి. దానితో విశ్వవిద్యాలయ పాలనాభవనంలో అన్నింటికంటే రద్దీగా ఉండేది పరీక్షల విభాగమే అవుతుంది. పరిశోధన విభాగంలో ఒక గుమాస్తా, ఒక బీరువా ఉంటాయి.

2006, 2008 ప్రాంతాల్లో జిల్లాకొకటి అన్నట్టుగా పుట్టిన విశ్వవిద్యాలయాలకు ఇంకో చిక్కు ఉంది. 1972 జూన్ 17 తరువాత ఏర్పడిన ఏ విశ్వవిద్యాలయమైనా కేంద్ర సహాయం అందుకోవాలంటే యూజీసీ చట్టంలోని 12బి సెక్షన్ కింద అర్హత పొందాలి. అర్హత రావాలంటే భవనాలు, శాశ్వత అధ్యాపకులు, ప్రయోగశాలలు తగినంతగా ఉండాలి. అవి సమకూరాలంటే డబ్బు కావాలి. రాష్ట్రం ఆ తొలి పెట్టుబడి పెట్టని చోట విశ్వవిద్యాలయం గేటుమీద పేరుతోనే ఏళ్ల తరబడి నడుస్తుంది.

మూడు వారాలు, ఒక సాయంత్రం

నిధులు అన్న మాట చాలా దూరంగా వినిపిస్తుంది. ల్యాబులో అది ఎలా ఉంటుందో నాకు తెలిసినంత దగ్గరగా చెబుతాను.

నేను ఎమ్మెస్సీ చదివిన చోట బోరు నీళ్లు వేసవిలో ఉదయం కాసేపే వచ్చేవి. సేంద్రియ రసాయనశాస్త్రంలో ద్రావణిని ఆవిరిచేసి తీయడానికి వాడే రోటావేపర్‌కు కండెన్సర్‌లో చల్లటి నీరు ఆగకుండా పారుతూ ఉండాలి. నీళ్లు ఆగితే పని ఆగుతుంది. అందువల్ల ఏ రియాక్షన్ ఎప్పుడు పెట్టాలో పుస్తకం చూసి కాక ట్యాంకు చూసి నిర్ణయించుకునేవాళ్లం. విషవాయువులను బయటకు లాగే ఫ్యూమ్ హుడ్ మోటారు కాలిపోయి చాలా రోజులైంది, బాగుచేయించే పద్దు లేదు. క్లోరోఫారం వాడే రోజున కిటికీలు రెండూ తెరిచి, వరండా వైపు తలుపుకు స్టూలు అడ్డం పెట్టి పనిచేసేవాళ్లం.

తయారైన పదార్థం అనుకున్నదేనా కాదా అని తేల్చేది ఎన్‌ఎంఆర్. ఆ యంత్రం మా దగ్గర లేదు. పది పన్నెండు నమూనాలు పోగయ్యేదాకా ఆగి, వాటిని చిన్న గాజు సీసాల్లో పోసి, మూతల చుట్టూ పారాఫిల్మ్ చుట్టి, స్టీలు టిఫిను డబ్బాలో దూది పరిచి వాటిని నిలబెట్టి, తెల్లవారుజామున నాలుగున్నర బస్సుకు హైదరాబాద్ తీసుకెళ్లేవాళ్లం. ఒక్కో నమూనాకు ఫీజు మా జేబులోంచే. ఒకసారి పదకొండు సీసాలు తీసుకెళ్లాను. కౌంటరు దగ్గర డబ్బా తెరిస్తే రెండింటి మీద మార్కరుతో వేసిన అంకెలు కారిన క్లోరోఫారంకు చెరిగిపోయి ఉన్నాయి. ఏది నాలుగో, ఏది ఏడో తెలియదు. ఆ రెండింటినీ తిరిగి తెచ్చుకుని, మొదటి నుంచీ చేసి, మళ్లీ బస్సెక్కాను. ఫలితం చేతికి రావడానికి మామూలుగానే మూడు వారాలు పట్టేది, ఆసారి ఏడు వారాలు పట్టింది.

కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి వారంలో మా గైడు ఒక చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చారు. నమూనాను ఎన్‌ఎంఆర్ గదిలో ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి ఆ యంత్రం గీసిన ఫలితం, స్పెక్ట్రమ్, నా బల్లమీద ఉంది. ఆ కాగితాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నా తెలివి ఆ వారంలో ఏమీ పెరగలేదు. తప్పు చేస్తే ఆ రోజే తెలిసే చోటికి వచ్చాను, అంతే. మూడు వారాలకొకసారి తప్పు తెలుసుకునే మనిషికీ ప్రతి సాయంత్రం తెలుసుకునే మనిషికీ మధ్య ఐదేళ్లలో ఎంత దూరం పెరుగుతుందో లెక్కవేసుకోవచ్చు. ఆ దూరాన్నే తరువాత ఇంటర్వ్యూ బోర్డులు ప్రతిభ అంటాయి.

జిల్లా విశ్వవిద్యాలయంలో నా పక్క బల్ల మిత్రుడికి జేఆర్‌ఎఫ్ రాలేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అలాంటి పీహెచ్‌డీ విద్యార్థులకు నెలకు 8,000 రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్, అంటే నెట్ పరీక్షతో పని లేని భృతి, ఉంటుంది. 2015లో దాన్ని ఆపేస్తామన్నప్పుడు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు విద్యార్థులు రోజుల తరబడి కూర్చుని పోరాడారు. ఆ పోరాటం న్యాయమైనదే, నేనూ మనసారా దానివైపే ఉన్నాను. అయితే ఆ ఫెలోషిప్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులకు మొదటి నుంచీ లేదు. వాళ్లకూ ఇవ్వాలని ఆ పోరాటంలో అడిగినా ఆ కోరిక తీరలేదు. నా మిత్రుడు ఉదయం పూట ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం, అంటే నీళ్లు ఆగిపోయాక, ల్యాబుకు వచ్చేవాడు. రెండో ఏడాది చివర మానేశాడు. మిశ్రమంలోంచి పదార్థాలను వేరుచేసే కాలమ్ వేయడంలో అతడి చేతికున్న ఓపిక నాకు ఇప్పటికీ లేదు.

ఖాళీ కుర్చీ వెనక ఖాళీ సీటు

యంత్రం లేకపోతే బస్సెక్కి వెళ్లవచ్చు. మనిషి లేకపోతే వెళ్లడానికి చోటు లేదు. 2025 ఫిబ్రవరిలో నీతి ఆయోగ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల మీద వెలువరించిన నివేదిక ప్రకారం, దేశంలో ఉన్నత విద్య చదివేవారిలో 81 శాతం మంది రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిధిలోనే ఉన్నారు, ఆ విశ్వవిద్యాలయాల్లో 40 శాతానికి పైగా అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి. మన రాష్ట్రాల సంగతి చెప్పనక్కరలేదు. తెలంగాణ ఏర్పడ్డాక శాశ్వత నియామకాలు దాదాపు జరగలేదు. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లును శాసనసభ ఆమోదించింది, గవర్నరు దగ్గర అది ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మూడు వేలకు పైగా పోస్టులకు ప్రకటన వచ్చి కోర్టుకెక్కింది.

ఖాళీ అంటే పాఠం చెప్పేవారు లేకపోవడమే అనుకుంటారు చాలామంది. పాఠాలు ఎలాగో జరిగిపోతాయి. ఒప్పంద అధ్యాపకులు, గంటకింత అని తీసుకునే పార్ట్‌టైం వాళ్లు జరిపిస్తారు. వాళ్లలో చాలామంది అంకితభావంతో చెబుతారు, నాకు స్పెక్ట్రోస్కోపీ నేర్పినది అలాంటి ఒకరే. అసలు దెబ్బ పరిశోధన మీద పడుతుంది. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మాత్రమే ఒకేసారి మార్గదర్శకత్వం వహించవచ్చు. వాళ్లు శాశ్వత అధ్యాపకులై ఉండాలి. 2022 నిబంధనలు వచ్చాక, ఉద్యోగ విరమణకు మూడేళ్ల లోపున్నవారు కొత్తవారిని చేర్చుకోకూడదు. నేను చదివిన రోజుల్లో మా విభాగంలో శాశ్వత అధ్యాపకులు నలుగురు ఉండేవారు. ఇప్పుడు ఒక్కరే ఉన్నారు. అంటే ఒక ఉమ్మడి జిల్లా మొత్తానికి ఆ సబ్జెక్టులో పీహెచ్‌డీ ద్వారం ఒక మనిషి వయసు మీద ఆధారపడి ఉంది. ఆయనే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉండి ఉంటే 65 ఏళ్ల దాకా పనిచేసేవారు; తెలంగాణలో 2025 జనవరి వరకు విరమణ వయసు 60. ఇప్పుడు ఇక్కడా 65 చేశారు. నియామకాలకు బదులుగా వయసు పెంచడం నాకు నచ్చలేదు. కానీ ఆ ఉత్తర్వు రాకపోతే ఆ విభాగంలో దీపం పెట్టే దిక్కు కూడా ఉండేది కాదు.

ముందున్నవాడికే మరో మెట్టు

ఇటీవలి పథకాలన్నీ పోటీ పెట్టి, గెలిచినవారికి డబ్బిచ్చే పద్ధతివి. వినడానికి న్యాయంగా ఉంటుంది. రాష్ట్ర విద్యాసంస్థల కోసం 2013లో మొదలైన కేంద్ర పథకం రూసాలో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు పెట్టాలి. రాష్ట్రం తన వాటా విడుదల చేయకపోతే తరువాతి విడత ఆగిపోతుంది, ఆ తప్పుకు శిక్ష విద్యార్థికి పడుతుంది. 2023లో దాని స్థానంలో వచ్చిన పీఎం-ఉషలో 35 విశ్వవిద్యాలయాలకు 100 కోట్ల చొప్పున, బలోపేతం చేయవలసిన మరో 73 విశ్వవిద్యాలయాలకు 20 కోట్ల చొప్పున లెక్క పెట్టారు. బలహీనమైనవాటికి కూడా ఒక పద్దు ఉండటం మంచి మార్పే. అయినా బలహీనమైనదానికి ఇచ్చేది బలమైనదానికి ఇచ్చేదాంట్లో ఐదో వంతు. ఇక విశిష్ట సంస్థల పథకంలో ఎంపికైన ప్రభుత్వ సంస్థలకు, 2019లో ఆ జాబితాలో చేరిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంతో సహా, ఒక్కోదానికి 1,000 కోట్ల రూపాయల వరకు కేటాయింపు.

కేంద్రం ఏటా విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులలో బోధన, వనరుల పద్దుకు 30 శాతం, పరిశోధనకు 30 శాతం బరువు ఉంది. ఆ మొదటి పద్దులో, సంస్థ ఎంత డబ్బు ఖర్చుపెట్టిందన్నది కూడా ఒక కొలత. ఖర్చుపెట్టగలిగినవారికి మార్కులు వస్తాయి, మార్కులు వచ్చినవారికి ర్యాంకు, ర్యాంకు వచ్చినవారికి మళ్లీ ఖర్చుపెట్టగలిగే స్తోమత. 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వేరుగా ర్యాంకుల జాబితా ఇస్తున్నారు. వీళ్లందరినీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తించడం సరికాదని అర్థమైనందువల్లనే ఆ పని చేశారని నేను నమ్ముతున్నాను.

నా వాదనకు ఎదురుగా ఉన్నవి

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆగాను, నా వాదన నాకే కొన్నిచోట్ల బలహీనంగా అనిపించింది.

మొదటిది, డబ్బే అన్నీ చేస్తుందా? ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో సంపన్న సంస్థ కాదు. అయినా కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని నిలబెట్టారు. గణాంకశాస్త్రంలో ప్రపంచం తలవంచిన సి. ఆర్. రావు అక్కడే గణితం చదివారు. దీన్ని చాలాకాలం నేను కూడా నా వాదనకు వ్యతిరేక సాక్ష్యంగానే చూశాను. కానీ ఆ చరిత్రలో ఇంకో ముక్క ఉంది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ రోజుల్లో లక్ష రూపాయలంటే ఒక సైన్సు కళాశాల నడిచే డబ్బు. ఏటా తప్పకుండా వస్తుందని తెలిసిన డబ్బు కాబట్టి దానిమీద పదేళ్ల ఆలోచన కట్టుకోగలిగారు. ఇప్పటి రాష్ట్ర విశ్వవిద్యాలయానికి లేనిది ఆ భరోసానే.

రెండోది, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఉన్న డబ్బునైనా సరిగ్గా వాడుతున్నాయా? చాలాచోట్ల లేదు. ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జి వైస్ ఛాన్సలర్లు, బిల్లు పెట్టడానికి పనికొచ్చి ప్రయోగానికి పనికిరాని కొనుగోళ్లు, పెట్టెలోంచి బయటకు తీయకుండానే వారంటీ ముగిసిన యంత్రం, ఇవి నేను కళ్లారా చూసినవి. ఈ విమర్శను నేను తోసిపుచ్చను. కానీ దీనికి మందుగా నిధులు తగ్గిస్తే యంత్రం కొన్నవాడికి ఏమీ కాదు, ఆ యంత్రం మీద పనిచేయవలసిన అమ్మాయికే అవుతుంది.

మూడోది నన్ను ఎక్కువగా తికమక పెట్టింది. కేంద్రీయ అన్న ముద్ర పడితే చాలునా? ఆరు సూత్రాల పథకం తరువాత 1973లో 32వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 371ఇ అధికరణం చేర్చి, 1974లో హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టారు. తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల గాయానికి వేసిన కట్లలో అదొకటి. తరువాత ఉర్దూ విశ్వవిద్యాలయం, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ కూడా హైదరాబాద్‌లోనే వచ్చాయి. 2014లో రాష్ట్రం విడిపోయిన రోజున ఆంధ్రప్రదేశ్ వాటాకు ఒక్క కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా రాలేదు. విభజన చట్టం హామీ ఇచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం 2018లో అనంతపురంలో తాత్కాలిక భవనాల్లో మొదలైంది. విజయనగరంలో గిరిజన విశ్వవిద్యాలయం ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పాత పీజీ కేంద్రంలో తలదాచుకుంది. డబ్బున్న పద్దులో పుట్టిన బిడ్డ డబ్బులేని పెద్దింట్లో పెరగవలసి వచ్చింది. కాబట్టి ప్రతి జిల్లాకూ కేంద్రీయ విశ్వవిద్యాలయం కావాలని నేను అడగడం లేదు. ఇంకో గేటు, ఇంకో పేరు వద్దు. ఉన్నవాటికి ఒక కనీస స్థాయి కావాలి. ప్రతి విభాగంలోనూ శాశ్వత అధ్యాపకులు, పనిచేసే ప్రయోగశాల, నీరు, కరెంటు, పరిశోధక విద్యార్థికి ఎక్కడ చదివినా ఒకే భృతి. ఏ శ్రేష్ఠతా పథకమైనా వీటి తరువాతే మొదలవ్వాలి.

అందరికీ పలుచగా పంచితే ఎవరికీ చాలదని అంటారు. ఆ భయం నాకూ ఉంది. నేను ఆ సాయంత్రం అందుకున్న స్పెక్ట్రమ్ ఒక మంచి కేంద్రం ఉండబట్టే వచ్చింది, దాన్ని పడగొట్టమని నేను అడగను. కానీ కనీస స్థాయి సాధ్యమేనని ఒక పథకం ఈమధ్యే చూపించింది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ఒకే దేశం ఒకే చందా పథకం మూడేళ్లకు 6,000 కోట్ల ఖర్చుతో, సుమారు 6,300 ప్రభుత్వ సంస్థలకు, 13,000కు పైగా ఈ-జర్నళ్లను అందుబాటులోకి తెచ్చింది. ఇందులో ర్యాంకు అడగలేదు, గ్రేడు అడగలేదు. కేంద్రానిదా రాష్ట్రానిదా అని కూడా అడగలేదు. నా రోజుల్లో ఒక వ్యాసం కావాలంటే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉన్న సీనియర్‌కు మెసేజ్ పెట్టి, వాళ్లకు వీలు దొరికేదాకా ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు నా విద్యార్థిని జిల్లాలో కూర్చుని తానే తెరుచుకుంటోంది.

మొన్న రాత్రి ఫోన్‌లో ఆమె మొదట చెప్పింది ఆ సంగతే. తన ప్రాజెక్టుకు సరిపోయే పేపరు దొరికిందట, కిందటి ఏడాది వచ్చినదట, పద్ధతి అంతా నోట్సు రాసుకుందట. ఆ తరువాత కాస్త ఆగి అడిగింది.

"ల్యాబులో నీళ్లు పదింటి వరకే వస్తున్నాయి మేడం. రోటా ఎలా నడపాలి?"

మా సీనియర్ అక్క నాకు చెప్పిందే నేను తనకు చెప్పాను. ముందురోజు రాత్రే పెద్ద ప్లాస్టిక్ టబ్బు నింపి పెట్టుకోవాలి. అందులో ఎయిర్ కూలర్‌కు వాడే చిన్న పంపు దించి, దాని పైపును కండెన్సర్ కింది మూతికి, పై మూతి నుంచి వచ్చే పైపును మళ్లీ టబ్బులోకి పెట్టాలి. నీళ్లు వేడెక్కుతుంటే క్యాంటీన్‌లో అడిగి ఐసు గడ్డ ఒకటి వేయాలి. పంపు వైరు అతుకు దగ్గర టేపు చుట్టకుండా మాత్రం స్విచ్ వేయొద్దని రెండుసార్లు చెప్పాను. సీసాల మీద అంకెలు మార్కరుతో కాకుండా పెన్సిల్‌తో కాగితం మీద రాసి, పైన సెల్లోటేపు అంటించమని కూడా చెప్పాను. ఆమె అన్నీ రాసుకుంది.